తోడల్లుడు బిగించిన క్లిప్పు

కార్లు బాగుచేసేవాడు అసూయ పడకూడదని నేను చదివిన ఏ పుస్తకంలోనూ రాయలేదు. అంచేత పడ్డాను. నియమాలు తెలియక చేసిన పని.

ఇప్పుడు షెడ్డు లేదు. అమలాపురంలో ఆ చోట సెల్‌ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. ఐ.టి.ఐ.లో చదువుకుంటున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదైనా చెప్పండి మేస్టారూ" అని అడుగుతుంటారు. నడిరోడ్డు మీద ఇంజను దించిన కథో, మంత్రిగారి కారు ఆగిపోయిన కథో వస్తుందని వాళ్ళ ఆశ. నేను రబ్బరు గొట్టానికి బిగించే ఒక క్లిప్పు గురించి మొదలుపెడతాను. పాపం, మర్యాదగా వింటారు. మా గోదావరి వాళ్ళు విసుగు కూడా 'అండీ' చేర్చే పడతారు.

నేను భౌతికశాస్త్రంలో బి.యస్సీ. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మా మేనమామగారి కారు ఆగిపోతే, చదువుకున్నవాణ్ణి కదా, ఓసారి చూద్దామని వంగాను. మళ్ళీ నిటారుగా నిలబడే అవకాశం రాలేదు. అలా మొదలైన షెడ్డులో చివరి సంవత్సరాల నాటి సంగతి ఇది.

ఒకప్పుడు మా షెడ్డు ముందు కార్లు వరసగా ఆగేవి. తరవాత ఒక్కొక్కటీ కంపెనీ షోరూముల దారి పట్టాయి. మనుషులు చెప్పి వెళతారు. కార్లు అలా కాదు, రావడం మానేస్తాయి. చివరికి మిగిలినవి రెండు ఆటోలు, ఒక పెళ్ళిబ్యాండు వ్యాను, ఒక టీచరమ్మగారి కారు. వ్యాను ముహూర్తాల రోజుల్లో తప్ప చెడదు. ఆటోలవాళ్ళు తిట్టుకోవడానికి వస్తారు గాని బాగుచేయించుకోవడానికి కాదు. టీచరమ్మగారి కారు కూడా వెళ్ళిపోతే ఇక తలుపుకి తాళం వేసుకోవడమే. ఆ సంగతి నాకు తెలుసు, మా ఎలక్ట్రీషియనుకి తెలుసు, తాళానికి కూడా తెలుసు.

అది తెల్ల డీజిలు కారు. తెలుపని రిజిస్ట్రేషను కాగితంలో ఉంది. తిరిగిన దూరం చూపించే మీటరు అంకెలన్నీ అయిపోయి, ఒకరోజు మళ్ళీ సున్నాల దగ్గరికి వచ్చింది. ఆవేళ టీచరమ్మగారు కారు దిగుతూనే, "మన బండి మారుమనసు పొందిందండి బియస్సీగారూ" అన్నారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కారు తనే నడుపుకుంటారు. మొదటి పరిచయంలో నా చదువు సంగతి నేనే కాస్త గట్టిగా చెప్పుకున్నట్టున్నాను, అప్పట్నించీ నన్ను బియస్సీగారూ అనే పిలిచేవారు. ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే కారెక్కి, అంతర్వేది దగ్గరున్న అక్కగారి ఊరు వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. నేను చెప్పిందల్లా తూచా తప్పకుండా పాటించేవారు. హారను తక్కువ కొట్టమంటే తక్కువ, క్లచ్చి మీద కాలు పెట్టి ఉంచవద్దంటే ఉంచరు. ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత మాట వినిపించుకున్న మనిషి నా మాట వింటుంటే, నాకు కొంచెం గర్వంగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఒక సోమవారం మామూలుగా ఆయిలు చూద్దామని బానెట్ ఎత్తాను. రేడియేటరు పైగొట్టానికి ఒక కొత్త క్లిప్పు ఉంది.

"ఈ క్లిప్పు ఎక్కడిదండీ?" అన్నాను.

"ఏ క్లిప్పండీ?"

"ఇదేనండి. ఇది నాది కాదు."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూశారు. "అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ?"

"నేను బిగిస్తే స్క్రూ తల పైకి ఉంటుందండి. ఇది పక్కకి తిరిగుంది."

"ఆయ్, అదా!" అన్నారు ఆవిడ తేలిగ్గా. "నిన్న అక్కయ్య దగ్గర్నించి వస్తుంటే రాజోల్లో నీళ్ళు కారేయండి. ఎదురుగా షెడ్డు కనిపిస్తే ఆపేను. ఆయన చిటికెలో బిగించేసేరు. ఎంత మర్యాదండీ బాబూ! అద్దాల గదిలో కూర్చోబెట్టేరు. బండి కడిగించి మరీ ఇచ్చేరు."

"మంచిపని చేసేరండి" అన్నాను. ఆ మాట అనడానికి చేతిలో ఉన్న స్పానరు ఒకసారి కింద పెట్టాల్సి వచ్చింది.

రాజోల్లో అద్దాల గది ఉన్న షెడ్డు ఒక్కటే ఉంది. అది మా తోడల్లుడిది.

పెళ్ళికాని కుర్రాళ్ళకి ఈ చుట్టరికం గురించి కొంచెం చెప్పాలి. అన్నదమ్ములు పుట్టుకతో వస్తారు, స్నేహితులు ఇష్టంతో వస్తారు, తోడల్లుడు పోలికతో వస్తాడు. ఒకే ఇంటి అల్లుళ్ళు కాబట్టి జీవితాంతం ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తుంటారు. మా అత్తగారు చాలా న్యాయమైన మనిషి. ఇద్దరికీ ఒకేలాంటి కుర్చీ వేసేవారు. ఆయన కుర్చీ ఫ్యాను కింద ఉండేది, అంతే. ఆయన నాకన్నా చిన్నవాడు. హైదరాబాదులో పెద్ద షోరూములో పనిచేసి వచ్చి, రాజోల్లో సొంత షెడ్డు పెట్టాడు. దాన్ని షెడ్డంటే ఆయన బాధపడతాడు, అందుకే నేను అంటాను. కారుని కారుగా పైకెత్తే లిఫ్టు, జబ్బేమిటో చెప్పే స్కానరు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఏసీ గది. పనిచేసినా చొక్కా మీద మరక పడదు. అది మాత్రం నాకిప్పటికీ అర్థం కాని విద్య.

ఆవేళ టీచరమ్మగారు వెళ్ళబోతూ ఫోను తెరిచి ఒక సందేశం చూపించారు. 'మీ ప్రియమైన వాహనం ఆరోగ్యంగా ఉంది' అని రాసి, పక్కన నవ్వుతున్న బొమ్మ. ఇన్నేళ్ళ సంబంధంలో నేను ఆ బండిని ఒక్కసారి కూడా ప్రియమైన అని అనలేదు. అనాలని తెలియలేదు. పైగా లోపల అద్దానికి ఎప్పుడూ బైబిలు వాక్యం రాసిన చిన్న కార్డు ఒక్కటే వేలాడేది. ఇప్పుడు దాని పక్కన పసుపుపచ్చ సెంటుసీసా ఊగుతోంది.

రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి మా ఇంటావిడకి చెప్పాను. చాలా మామూలుగా చెప్పాననే అనుకున్నాను.

"మా చెల్లి మొగుడు గొట్టానికి బిగించిన క్లిప్పు మీ గొంతుకి బిగుసుకుందా ఏమిటి? అన్నం తినండి" అంది.

ఆ తరవాత ఆదివారం టీచరమ్మగారు గాలి కొట్టించుకోవడానికి రాజోల్లో ఆగారు. మరో ఆదివారం వైపరు బ్లేడు మార్చి పంపించారు. ఇంకోసారి టైర్లకి ఏదో నల్లటిది పూశారు, పెళ్ళికొడుకు బూట్లలా మెరిసిపోతున్నాయి. ప్రతి సోమవారం ఆ కారు వచ్చేసరికి నేను ముందు దాని చుట్టూ తిరిగి, పరాయి చెయ్యి ఎక్కడ పడిందా అని వెతికేవాణ్ణి. మా ఎలక్ట్రీషియను ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. నా ఈడువాడే, నేను ఎడమంటే కుడి అనే ఏకైక ఉద్యోగంలో నా దగ్గర పండిపోయిన మనిషి.

"గురూగారూ" అన్నాడు ఒకనాడు, టీలో మూడో చెంచా పంచదార కలుపుకుంటూ. "అది కారండి. కాపురం కాదు."

వేసవి ముదిరింది. ఒక ఆదివారం సాయంత్రం టీచరమ్మగారు ఇంటికి వెళ్ళకుండా నేరుగా షెడ్డుకే వచ్చారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదున్న ఆక్విడెక్టు దాటేసరికి వేడి చూపించే సూది ఎర్రగీత మీదికి వెళ్ళిందట. నేను నేర్పినట్టే ఇంజను ఆపి, చల్లారాక నెమ్మదిగా తెచ్చారు.

"నీళ్ళు పోసేరాండీ?" అన్నాను.

"పోసేనండి. బయల్దేరేముందే పోయించేను. మీరు చెప్పిన నీళ్ళే."

"ఉప్పునీళ్ళు కాదు కదా?"

"అయ్యో, ఉప్పా! నేను తాగిన నీళ్ళేనండి."

ఇక్కడ మా వైపు నీళ్ళ సంగతి చెప్పాలి. సముద్రం దగ్గర పడేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి పోస్తే రేడియేటరు లోపల తుప్పు పట్టి పాడవుతుంది. అందుకని నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే సూత్రం చెప్పేవాణ్ణి: "మీరు ఏ నీళ్ళు తాగుతారో బండికీ అవే పొయ్యండి. మీరు తాగనివి దానికీ వద్దు." అందరూ ఆయ్ అనేవారు. ఆయ్ అంటే మా వైపు విన్నామని అర్థం, వింటామని కాదు. టీచరమ్మగారు ఒక్కరే వినేవారు. అంచేత ఇక నీళ్ళ గురించి అడగడానికేమీ లేదనుకున్నాను. నిజానికి నాకు అడగాలని లేదు. నా కళ్ళు అప్పటికే ఆ క్లిప్పు మీద ఉన్నాయి.

మర్నాడు దాన్ని విప్పేశాను. క్లిప్పు, అది పట్టుకున్న గొట్టం, ఆ గొట్టం వెళ్ళే, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటు, అన్నీ మార్చాను. రేడియేటరులో నీళ్ళు గోధుమరంగులో వచ్చాయి. పాత బండికి తుప్పునీళ్ళు రావడం, ముసలివాళ్ళకి దగ్గు రావడం ఒకటేనని వదిలేశాను. బానెట్ ఎత్తితే తియ్యటి వాసన గుప్పుమంది. సెంటుసీసా తీసి బయట మేకుకి తగిలించాను. వాసన పోలేదు.

"సీట్లలోకి ఇంకిపోయింది. అంత ఘాటు సెంటు పెడతారా ఎవరైనా?" అన్నాను.

"వాసన సీట్లలోంచి రావట్లేదండి" అన్నాడు ఎలక్ట్రీషియను.

"నీకు ముక్కు పనిచెయ్యదు" అన్నాను. నిజానికి ఇద్దరి ముక్కులూ బాగానే పనిచేశాయి. నాది రాజోలు వైపు తిరిగి పనిచేసింది.

పరాయి చెయ్యి పడ్డదల్లా తీసేసినా బండి వేడెక్కుతూనే ఉంది. ఊరు దాటేసరికి సూది లేస్తుంది. ఇక మిగిలింది ఇంజను హెడ్డు. దాని కింద అతుకులా ఉండే గ్యాస్కెట్ పోయుంటుంది, హెడ్డు విప్పాలి అని తేల్చి, టీచరమ్మగారిని పిలిచి చెప్పాను.

ఆవిడ బల్ల మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంజను విప్పవలసొస్తే ఇక ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యమంటున్నారండి మా తమ్ముడి పిల్లలు. వాళ్ళు నా మంచికే అంటున్నారు" అన్నారు. "అక్కయ్యకి కళ్ళు కనపడవు కదండీ. ఆదివారం నేను వెళ్ళి పక్కన కూర్చుని వాక్యం చదివితేనే ఆవిడకి ఆదివారం వచ్చినట్టు. బస్సులు మారుకుంటూ ఈ వయసులో నా వల్ల అవుతుందాండీ? ఇంకోళ్ళ బండెక్కితే, వాళ్ళు లేవండి అన్నప్పుడు లేచి వచ్చెయ్యాలి."

నేనేదో అనబోయాను. ఆవిడ నా వైపు చూడకుండా, "మనుషులకైతే ఇంకో డాక్టరుకి కూడా చూపిస్తాం కదండీ. ఆ రాజోలాయన్ని కూడా ఓసారి రమ్మందామా?" అన్నారు.

బడిలో ఆవిడ పిల్లల్ని కొట్టేవారు కాదట. ఎందుకు అవసరం రాలేదో నాకప్పుడు తెలిసింది.

మా తోడల్లుడు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. తెల్లచొక్కా. చేతిలో స్కానరు పెట్టె. ఇన్నేళ్ళలో నా షెడ్డులోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. కూర్చోవడానికి చోటు వెతికి, చొక్కా గుర్తొచ్చి నిలబడ్డాడు. టీచరమ్మగారు బల్ల మీద, ఎలక్ట్రీషియను స్టూలు మీద. పెళ్ళిచూపుల్లా ఉంది.

"ఇంత వయసొచ్చిన బండిని ఇంత బాగా ఉంచేరేంటండి అన్నయ్యగారూ!" అన్నాడు.

మెచ్చుకునేవాణ్ణి ద్వేషించడం చాలా కష్టం. కష్టపడ్డాను.

పెట్టె తెరిచి వైరు తీసి, స్టీరింగు కింద తడిమాడు. "దీన్నెక్కడ గుచ్చాలండి?"

"దానికి ఆ కన్నం లేదు తమ్ముడూ. అది పుట్టినప్పటికి ఈ వైద్యం పుట్టలేదు."

ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎంతటిదంటే, బండి బాగుపడకపోయినా పరవాలేదని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. బల్ల మీద కూర్చున్నావిడ చేతిసంచీని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

ఆయన స్కానరు పక్కన పెట్టి బానెట్ దగ్గరికి వంగాడు. ఎంతకీ లేవలేదు. ఏం చూస్తున్నాడా అని నేనూ వంగాను. రేడియేటరు మూత చుట్టూ చీమలు. అక్కడినుంచి ఒక బారు బంపరు మీదుగా దిగి, టైరు మీంచి నేల మీదికి వచ్చి, మా గోడ పగుల్లోకి పోతోంది. చీమలు ఆ షెడ్డులో కొత్తవి కావు. ఎలక్ట్రీషియను తాగే టీకి పదేళ్ళుగా వస్తున్నవే. కాకపోతే ఇవి టీగ్లాసు వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు. మేమిద్దరం గొంతుక్కూర్చుని, పిల్లల్లా ఆ బారు వెంట గోడ దాకా వెళ్ళి, మళ్ళీ రేడియేటరు దాకా వచ్చాం.

"అయితే అంతేనండి" అన్నాడు ఎలక్ట్రీషియను స్టూలు మీంచే. "బండికి షుగరొచ్చింది."

"ఇందులో ఏం పోసేరండి అన్నయ్యగారూ?" అన్నాడు తోడల్లుడు.

"నేనా? క్లిప్పులు మార్చింది, సెంట్లు కట్టింది నువ్వు. నన్నడుగుతావేంటి?"

"క్లిప్పులో తీపుంటుందాండీ? చూసేవాళ్ళెవరైనా నవ్విపోతారు."

"నవ్వనీ. ఫ్యాను కింద కూర్చునేవాళ్ళకి నవ్వులాటగానే ఉంటుంది."

"ఫ్యానేంటండి?"

"ఏం లేదు."

"నేనేనండి" అన్నారు టీచరమ్మగారు.

ఇద్దరం తిరిగి చూశాం. ఆవిడ లేచి నిలబడ్డారు, క్లాసులో జవాబు చెప్పేవాళ్ళలా. "అక్కయ్యగారి ఊళ్ళో బోరు ఉప్పండి. నేనక్కడ నీళ్ళు తాగను, బొండాలే తాగుతాను. చెట్లు మావే కదా. మీరు తాగేవే బండికీ పొయ్యమన్నారు బియస్సీగారు. అంచేత నేనొకటి తాగి, దీనికి ఎన్ని పడితే అన్ని కొట్టించి పోయించేనండి. వేసవి వచ్చిన కాడ్నించి, ప్రతి ఆదివారం."

"కొబ్బరినీళ్ళా?" అన్నాను.

"లేతవేనండి" అన్నారు ఆవిడ, నా ముఖం చూసి కొంచెం కంగారుపడి. "ముదరవి ఒక్కటీ పొయ్యలేదు. వడకట్టించే పోసేను."

మొదట నవ్వింది ఎలక్ట్రీషియను. తరవాత నేను. చివరికి టీచరమ్మగారు కూడా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా తోడల్లుడు మాత్రం నవ్వలేదు. నా వైపు అదోలా చూస్తున్నాడు.

"ఏం తమ్ముడూ?"

"ఏం లేదండి" అన్నాడు నెమ్మదిగా. "నా దగ్గరికొచ్చినవాళ్ళందరూ ఫోనులో అయిదు నక్షత్రాలు ఇచ్చి వెళ్తారండి. నేను చెప్పిన మాట ఒక్కడూ వినడు. ఆయిలు మార్చమంటే మార్చరు, గాలి చూసుకోమంటే చూసుకోరు. ఒక్క మనిషి, ఒక్కసారైనా, నేనన్నానని బండికి బొండాలు కొట్టించి పోసేరా? ఇంత నమ్మకం నేనెక్కడా చూడలేదండి అన్నయ్యగారూ."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. నెలల తరబడి రోజూ అన్నం దగ్గర మా ఇంటావిడకి వినిపించిన గొంతే. అసూయ పడటం నాకు అలవాటైన పని. నా మీద ఒకరు పడటం అదే మొదలు. అది కలిగించే సుఖం గురించి పెద్దలు ఎందుకు రాయలేదో తెలియదు. బహుశా వాళ్ళకి రాజోల్లో తోడల్లుడు లేడేమో.

హెడ్డు విప్పలేదు. రేడియేటరు దించి, పై మూత, కింద మూత ఊడదీస్తే లోపలి సన్నగొట్టాల నిండా గోధుమరంగు పాకం గడ్డకట్టి ఉంది. ఇన్నాళ్ళూ నేను తుప్పనుకున్నది అదే. మరిగిన నీళ్ళలో సోడా కలిపి పోస్తూ, సన్నటి ఊచలతో ఒక్కో గొట్టం పొడుస్తూ ఇద్దరం పగలంతా కూర్చున్నాం. ఇంజను లోపలి దారులు కూడా వేడినీళ్ళతో పదేపదే కడిగాం. మధ్యాహ్నానికి ఆయన చొక్కా మీద మొదటి మరక పడింది. నేను చూడనట్టు నటించాను. రెండో మరక పడ్డాక నా పాతచొక్కా ఇచ్చాను. అది ఆయనకి బిగువైంది. ఆ సంగతి సాయంత్రం మా ఇంటావిడకి రెండుసార్లు చెప్పాను.

బండి నిలబడిందో లేదో చూడాలంటే వేడెక్కిన దారిలోనే నడపాలి. ఆదివారం టీచరమ్మగారి వెంట ఇద్దరం బయల్దేరాం. ముందు సీటు తలుపు దగ్గరికి ఇద్దరం ఒకేసారి చేరుకున్నాం.

"మీరు కూర్చోండి అన్నయ్యగారూ."

"ఫరవాలేదు, నువ్వు కూర్చో తమ్ముడూ" అన్నాను, తలుపు వదలకుండా.

"ఇద్దరూ వెనక కూర్చోండి" అన్నారు టీచరమ్మగారు.

కూర్చున్నాం. వెనకనించి సూది కనపడదు. గన్నవరం దాటేదాకా ఆయన ఒకవైపు నించి, నేనొకవైపు నించి మెడలు సాచుతూనే ఉన్నాం. "నా మీద నమ్మకం లేకపోతే దిగి బస్సెక్కండి. సూది మధ్యలోనే ఉంది" అన్నారు ఆవిడ అద్దంలో చూసి. తరవాత మెడలు సాచలేదు. అక్కగారింటి దాకా సూది మధ్యలోనే ఉంది. ఆ పెద్దావిడ పక్కన కూర్చుని టీచరమ్మగారు వాక్యం చదువుతున్నంతసేపూ మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. లేవండి అనేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆవిడ ఇంకో అధ్యాయం కూడా చదివారు. మాకిచ్చిన బొండాలు మేమే తాగాం.

తిరుగుదారిలో రాజోల్లో ఆయన్ని దించడానికి ఆగాం. అద్దాల గది ఆదివారం కూడా మెరుస్తోంది. ఆయన దిగి, కిటికీ దగ్గరికి వంగి, అప్పటిదాకా ముగ్గురం దాటేస్తూ వచ్చిన మాట అడిగేశాడు.

"మరి ఇకనించి సర్వీసు... అమలాపురమా, ఇక్కడాండీ?"

నేను వెనకసీట్లో చాలా శ్రద్ధగా ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు బోర్డు చదువుతున్నాను. అందులో మూడే మాటలున్నాయి.

"ఈయనకి ఓపికున్నంత కాలం ఈయనేనండి" అన్నారు టీచరమ్మగారు. ఊపిరి పీల్చుకునేలోపలే, "ఆ తరవాత మీరు" అన్నారు.

బతికుండగానే వీలునామా చదివి వినిపించినట్టు అనిపించింది. మా తోడల్లుడు తల ఊపి, నా మోకాళ్ళ వైపు చూశాడు. చూడలేదంటాడు. చూశాడు.

ఆ రోజునించీ ఆయన ఎదుట నేను కుంటలేదు. మోకాళ్ళు నొప్పి పుట్టని రోజు లేదు, కాని పెళ్ళిళ్ళకి వెళితే ఆయన రాకముందే కుర్చీలో కూర్చునేవాణ్ణి, ఆయన వెళ్ళాక లేచేవాణ్ణి. మా ఇంటావిడ ఆ పెళ్ళిళ్ళ భోజనాలు పొట్లాలు కట్టించి తెచ్చేది. అలా చాలాకాలమే గడిచింది. చివరికి అత్తగారింటి మెట్ల దగ్గర దొరికిపోయాను. పైకి ఎక్కలేక, కిందికి దిగలేక నిలబడి ఉంటే ఆయన వచ్చి చెయ్యి అందించాడు. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే ఇంకో ఏడాది షెడ్డు నడిపేవాణ్ణి.

షెడ్డు మూసిన వారం టీచరమ్మగారితో కలిసి వెళ్ళి, బండి అలవాట్లన్నీ ఆయనకి ఒప్పజెప్పాను. రెండో గేరు ఎలా వెయ్యాలో, ఏ తలుపు ఎత్తి మూయాలో, ఏ చప్పుడుకి భయపడాలో, ఏ చప్పుడుకి అక్కర్లేదో, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. రాత్రంతా వానలో తడిస్తే అది పొద్దున్నే స్టార్టు కాదు. బ్యాటరీ బాగానే ఉంటుంది, స్టార్టరు మోటారు బాగానే ఉంటుంది. ఆ మోటారు వెనకాల ఒక వైరు ఉంది, దాన్ని కొంచెం కదపాలి. ఏ వైరో పదేళ్ళు వెతికి పట్టుకున్నాను. టీచరమ్మగారింట్లో కారుకి నీడ ఉంది కాబట్టి ఆవిడకి ఇబ్బంది లేదు. రాజోల్లో మనుషులకే ఏసీ, బళ్ళకి ఆకాశమే.

తొలకరిలో కారు సర్వీసుకని రాజోలు వెళ్ళి రెండు రోజులుంది. రాత్రి వాన కురిసింది. పొద్దున్నే నేను ఫోను పక్కన పెట్టుకుని వరండాలో కూర్చున్నాను.

"ఎవరి ఫోను కోసం?" అంది మా ఇంటావిడ.

"ఎవరి కోసమూ కాదు."

మోగింది. కాసేపు మోగనిచ్చి తీశాను.

"అన్నయ్యగారూ, బండి లేవట్లేదండి."

"ఏ బండి తమ్ముడూ?" అన్నాను.